చర్చికి వెళ్ళడం వేరు, సంఘంలో ఉండడం వేరు

కొత్తగా పరిచయమైన ఇద్దరు తెలుగు క్రైస్తవులు, రైల్లో కావచ్చు, ఆసుపత్రి వరండాలో కావచ్చు, "వందనాలండీ" అనుకున్నాక అడిగే మొదటి ప్రశ్న దాదాపు ఎప్పుడూ ఒకటే. "మీది ఏ సంఘం?" వెంటనే రెండోది, "అయ్యగారెవరు?" అంటే పాస్టరెవరని. ఈ రెండింటికీ జవాబు దొరికితే చాలు, ఊరు, పేట, మిషను, తాత చదివిన మిషన్ బడి, ఒక్కోసారి పెళ్ళి సంబంధాల దాకా కథంతా దానంతటదే బయటికొస్తుంది. మీకు విశ్వాసం ఉందా అని మాత్రం ఎవరూ అడగరు. క్రైస్తవుడంటే ఏదో ఒక సంఘానికి చెందినవాడే అయి ఉంటాడన్నది ఇక్కడ అందరూ అనుకునే మాట.

ఇప్పుడు నగరాల్లో ఆ జవాబు మారుతోంది. "ఫలానా చోటికి వెళ్తుంటామండీ" అంటున్నారు. "ఒక వారం ఇక్కడ, ఒక వారం అక్కడ", "ఈ మధ్య ఇంట్లోనే యూట్యూబ్‌లో వాక్యం వింటున్నాం" అంటున్నారు. "మాది" అనే మాట పోయి "వెళ్తుంటాం" వచ్చింది. చిన్న తేడాలా కనిపిస్తుంది కానీ సంఘం అనేదాని బరువంతా ఆ "మాది"లోనే ఉంది. ఆ మాట ఎలా పుడుతుంది, దేనివల్ల నిలబడుతుంది, ఎక్కడ తెగిపోతుంది అన్నది చూడాలంటే కాస్త వెనక్కి వెళ్ళాలి.

తెలుగు పల్లెలు క్రైస్తవంలోకి ఒక్కొక్కరుగా కాక కుటుంబాలుగా, పేటలుగా వచ్చాయి. ఒంగోలు ప్రాంతంలో ఇది బాగా కనిపిస్తుంది. తోళ్ళ వ్యాపారం మీద ఊళ్ళు తిరిగే ఎర్రగుంట్ల పేరయ్య 1866లో బాప్తిస్మం తీసుకుని, తాను నమ్మిన సంగతి ముందు తన చుట్టాలకే చెప్పాడు. అంటే సువార్త నడిచిన దారి బంధుత్వాల దారే. ఆ తర్వాత పదేళ్ళకు, 1876లో, ధాత కరువు వచ్చింది. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ళ తవ్వకం కాంట్రాక్టుకు తీసుకుని ఆకలితో ఉన్నవాళ్ళకు పని ఇచ్చాడు. గింజల కోసం మతంలోకి వచ్చారన్న మాట పడకూడదని ఆ రోజుల్లో బాప్తిస్మాలు ఇవ్వడం ఆపేశాడు కూడా. సాయం పనులు అయిపోయాక కూడా జనం వస్తూనే ఉన్నారు, 1878 జూలై 3న గుండ్లకమ్మ ఏట్లో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఈ అంకెను సభల్లో ఇప్పటికీ గర్వంగా చెప్పుకుంటారు, చెప్పుకోవలసిందే. అయితే అంకె కంటే పెద్ద విషయం ఒకటుంది. ఆ రోజు ఏటి ఒడ్డు నుంచి ఎవరూ ఒంటరిగా ఇంటికి పోలేదు. అన్నదమ్ములు, వియ్యంకులు, పక్క గుడిసెవాళ్ళు కలిసి వెళ్ళారు. ఆదివారం పనికి రామని, జాతరలో డప్పు కొట్టబోమని ఊరి పెద్దలతో అనడానికి ఎంత ధైర్యం కావాలో ఆ కాలపు పల్లె తెలిసినవాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు. ఒక్కడు అంటే తన్నేవాళ్ళు. పేటంతా కలిసి అంది కాబట్టే అనగలిగారు.

డోర్నకల్‌లో ఇదే విషయం ఇంకో రకంగా కనిపిస్తుంది. ఆంగ్లికన్ సంఘంలో బిషప్ అయిన మొదటి భారతీయుడు వి.ఎస్. అజరయ్య, 1912 డిసెంబర్ 29న కలకత్తాలో ఆయన అభిషేకం జరిగింది. తమిళనాడులో పుట్టి తర్వాతి జీవితమంతా తెలుగు పల్లెల్లో గడిపిన మనిషి. కొత్తగా బాప్తిస్మం పొందినవాళ్ళ చేత తమ చెయ్యి తమ తల మీదే పెట్టించి, నేను బాప్తిస్మం పొందినవాణ్ణి, సువార్త ప్రకటించకపోతే నాకు శ్రమ (అయ్యో, నాకు కీడు), అని పలికించేవాడు. అక్షరం ముక్క రాని కూలీ మనిషి కూడా సంఘంలోకి వచ్చిన మొదటి రోజే ఒక బాధ్యత నెత్తిన పెట్టుకుని వచ్చేవాడన్నమాట. ముందు వచ్చి కూర్చో, నచ్చితే తర్వాత ఏదైనా పని చేద్దువుగాని, అన్న పద్ధతి కాదది. సభ్యుడు కావడమూ పాలుపంచుకోవడమూ ఆయన దృష్టిలో ఒకటే పని.

ఇక కాగితం మీద సభ్యత్వం. ఇది సంఘాన్ని బట్టి మారుతుంది. సీఎస్ఐలో (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా), లూథరన్లలో పసిబిడ్డకే బాప్తిస్మం ఇస్తారు, పెద్దయ్యాక కన్ఫర్మేషన్ (తన విశ్వాసాన్ని తానే ఒప్పుకోవడం) తీసుకున్నాకే మామూలుగా ప్రభువు బల్ల దగ్గరికి, అంటే రొట్టె, ద్రాక్షరసం తీసుకోవడానికి, రానిస్తారు. బాప్టిస్టులు, పెంతెకొస్తువాళ్ళు ఊహ తెలిశాక నీళ్ళలో ముంచి ఇచ్చేదే బాప్తిస్మం అంటారు. చిలకరింపా, ముంచడమా అన్న గొడవతో విడిపోయిన కుటుంబాలున్నాయి. పాత మిషన్ సంఘాల్లో దీనికి తోడు చందా, రిజిస్టరు, ఓటర్ల జాబితా, పాస్టరేట్ కమిటీ ఎన్నికలు. పెళ్ళికి ముందు మూడు ఆదివారాలు ప్రకటన చదువుతారు, ఎవరికైనా అభ్యంతరం ఉంటే చెప్పమని. వేరే ఊరికి మారితే పాత సంఘం నుంచి ఉత్తరం తీసుకెళ్ళాలి. సువార్తికుడు బక్త్ సింగ్ మొదలుపెట్టిన సహవాసాల్లో ఇంత కాగితం పని కనిపించదు. అక్కడ ఆరాధనలో సహోదరులు ఒకరి తర్వాత ఒకరు లేచి ప్రార్థిస్తారు, ఆరాధన కాగానే అందరూ బారుగా కూర్చుని ప్రేమవిందు తింటారు. హైదరాబాద్‌లో వాళ్ళ కేంద్రమైన హెబ్రోనులో ఆ బంతి చూసినవాళ్ళకు తెలుస్తుంది, ఎవరి పక్కన ఎవరు కూర్చున్నారో పట్టించుకోకుండా ఒకే అన్నం తినడం ఈ దేశంలో ఎంత పెద్ద సంగతో.

రిజిస్టరులో పేరుండి కూడా సంఘంలో లేనివాళ్ళు ఉంటారు. పేరు లేకపోయినా సంఘం మొత్తం తమ ఇంటి మనిషిగా చూసేవాళ్ళూ ఉంటారు. ఈ తేడా ఎక్కడినుంచి వస్తుందో చూస్తే అది ఆదివారం ఆరాధనలో కంటే మిగతా ఆరు రోజుల్లో కనిపిస్తుంది.

పిడికెడు బియ్యం సంగతే తీసుకోండి. అన్నం వండేటప్పుడు ఎసట్లో పోయబోయే బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి పక్కన డబ్బాలో వేస్తుంది ఇంటావిడ. వారమంతా అలా పోగైన బియ్యం ఆదివారం గుడ్డలో మూట కట్టి తెచ్చి చర్చిలో ఇస్తుంది. ఇంట్లో రూపాయి ఆడని రోజుల్లో కూడా ఇది ఆగేది కాదు, ఎందుకంటే కూలికి గింజలే ఇచ్చేవాళ్ళు. దీనివల్ల సంఘానికి ఎంత వచ్చిందన్నది అలా ఉంచితే, ఆ ఇంట్లో పొయ్యి వెలిగించిన ప్రతిసారీ సంఘం గుర్తొచ్చేది. ఆ బియ్యంతో అయ్యగారి ఇల్లు గడిచింది, ఆ బియ్యం పెట్టిన మనిషి అయ్యగారి మీద అధికారంతో మాట్లాడగలిగేది, "మా అమ్మాయికి జ్వరమొచ్చి మూడు రోజులైంది, చూడ్డానికి రాలేదేమండీ" అని. ఫోన్‌పేలో దశమభాగం (ఆదాయంలో పదో వంతు కానుక) పంపడం తప్పేం కాదు, సులువు కూడా. కానీ పంపినవాళ్ళకూ అందుకున్నవాళ్ళకూ మధ్య ఆ మాట పుట్టదు.

కోత పండుగ కూడా అలాంటిదే. గుమ్మడికాయలు, కోడిపుంజులు, అరటి గెలలు, ఇంటి గేదె పాలు తోడేసిన పెరుగు ముంత, అన్నీ బల్ల ముందు పెట్టి ప్రార్థన అయ్యాక వేలం వేస్తారు. యాభై రూపాయల కోడిగుడ్లను పట్టుబట్టి అయిదొందలకు పాడుకుంటాడొకడు. సరుకు విలువ ఎంతో వాడికీ తెలుసు, పక్కవాడికీ తెలుసు. ఆ రోజు అక్కడ జరిగేది సరుకు అమ్మకం కాదని కూడా అందరికీ తెలుసు.

అన్నిటికంటే దగ్గరగా చూడవలసింది మాత్రం కాటేజ్ ప్రార్థన. వారం మధ్యలో ఒక రాత్రి, ఏడున్నరకని చెబితే ఎనిమిదింటికి మొదలవుతుంది. ఇంటివాళ్ళు మంచాన్ని గోడకు నిలబెట్టి చాపలు పరిచి ఉంచుతారు. గుమ్మం ముందు చెప్పులు కుప్ప పడతాయి. ఆడవాళ్ళు కొంగు నెత్తిన కప్పుకుని ఒక పక్క, మగవాళ్ళు ఒక పక్క, పిల్లలు ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ. ఎవరో పాట ఎత్తుకుంటారు, శ్రుతి పైకి పోతే మధ్యలో ఇంకొకరు దించుతారు. అయ్యగారు "ప్రార్థన మనవులు చెప్పండమ్మా" అంటారు. ఒకామె కొడుకు ఇంటర్ సప్లిమెంటరీ రాస్తున్నాడని చెబుతుంది. ఇంకొకాయన బోర్ ఎండిపోయిందంటాడు. మరొకామె తల దించుకుని "ఇంట్లో సమాధానం కోసమండీ" అంటుంది (శాంతి కోసమని), అంతే, అంతకు మించి ఒక్క మాట కూడా చెప్పదు. ఆ గదిలో ఉన్న ఆడవాళ్ళందరికీ అర్థమైపోతుంది, భర్త మళ్ళీ తాగడం మొదలుపెట్టాడని. ప్రార్థన అయ్యాక టీ గ్లాసులు తిరుగుతున్నప్పుడు ఎవరో ఒకామె వెళ్ళి ఆమె పక్కన కూర్చుంటుంది. మర్నాడు ఎవరో వెళ్ళి ఆ మనిషితో మాట్లాడతారు. వేదికా, మైకూ లేని ఆ చిన్న గదిలో జరిగే ఈ పని వెయ్యిమంది కూర్చునే హాల్లో జరగదు, జరగడానికి వీల్లేదు, ఎందుకంటే అక్కడ ఆ నాలుగు మాటల వెనక ఏముందో తెలిసినవాళ్ళు పక్కన ఉండరు.

తెలుగు బైబిలు దీనికి వాడిన మాట సహవాసం. ఆరు నెలలు సహవాసం చేస్తే వారు వీరవుతారని మన సామెత. ఆదివారం రెండు గంటలు పక్కపక్కన కూర్చున్నంత మాత్రాన వారు వీరవ్వరు. ఒకరి ఇంటి గుమ్మం ఒకరు దాటాలి.

ఈ పనుల్లో ఎక్కువ భాగం నడిపేది ఆడవాళ్ళు. పిడికెడు బియ్యం, శుక్రవారం ఉపవాస ప్రార్థన, సండే స్కూల్, ఆసుపత్రిలో ఉన్నవాళ్ళకు క్యారేజీ, అన్నీ. కమిటీలో, ప్రసంగపీఠం మీద మాత్రం వాళ్ళు చాలా తక్కువ. 2013లో నంద్యాల డయాసిస్‌కు (ఒక బిషప్ కింద ఉండే సంఘాల ప్రాంతం) ఎగ్గోని పుష్పలలిత బిషప్ అయ్యారు, సీఎస్ఐలో ఆ పదవికి వచ్చిన మొదటి స్త్రీ ఆవిడే, అదీ ఒక తెలుగు డయాసిస్‌లో. అయినా ఊళ్ళలో పెద్దల కమిటీ అంటే మగవాళ్ళ కమిటీ అనే ఇప్పటికీ అర్థం. పని అంతా ఒకరిది, నిర్ణయం ఇంకొకరిది అయినచోట "మాది" అన్న మాటకు సగం బలమే ఉంటుంది. ఈ విషయంలో సంఘాలు మారాల్సింది చాలా ఉంది.

సంఘం అంటే ఏమిటో పూర్తిగా తెలిసేది చావు రోజున. పల్లెలో వేళ కాని వేళ చర్చి గంట మోగితే ఎవరో పోయారని అర్థం. పది నిమిషాల్లో యూత్ పిల్లలు చర్చి బెంచీలు మోసుకొచ్చి ఇంటిముందు వేస్తారు. ఒకడు టెంట్ కోసం పరిగెడతాడు, ఒకడు పెట్టె చేయించడానికి వడ్రంగి ఇంటికి. ఆ ఇంట్లో పొయ్యి వెలగదు, పక్కిళ్ళ నుంచి అన్నం వస్తుంది. రాత్రంతా పాటలు. గొంతు బాగున్నవాళ్ళు, బాగోలేనివాళ్ళు అని ఉండదు, ఎవరో ఒకరు పాడుతూనే ఉండాలి, ఇంటివాళ్ళను ఆ నిశ్శబ్దంలో ఒంటరిగా వదలకూడదు. తెల్లారి సమాధుల తోటలో గొయ్యి తవ్వేవాళ్ళూ సంఘంవాళ్ళే. ఆ తర్వాత ఆదరణ కూడిక, ఏడాదికి జ్ఞాపకార్థ కూడిక.

నగరంలో పెద్ద చర్చికి ఏళ్ళ తరబడి వెళ్ళిన కుటుంబానికి ఈ రోజు వచ్చినప్పుడు ఏమవుతుందో చూడాలి. ఆఫీసుకు ఫోన్ చేస్తే ఎవరో స్టాఫ్ ఎత్తుతారు. వేలమంది ఉన్నచోట పెద్ద పాస్టర్ గారు రాలేరు, అది ఆయన తప్పు కూడా కాదు. అసలు టెన్షన్ ఆ తర్వాత మొదలవుతుంది, ఎక్కడ పాతిపెట్టాలి? హైదరాబాద్ లాంటి చోట సమాధుల స్థలం కరువు. పాత మిషన్ల తోటల్లో చోటు అడిగితే ముందు వచ్చే ప్రశ్న, మీరు ఏ సంఘం సభ్యులు, ఉత్తరం ఉందా? ఇరవై ఏళ్ళ కిందట ఊరి సంఘం నుంచి తెచ్చుకోవలసిన ఆ కాగితం కోసం అప్పుడు చుట్టాలకు ఫోన్లు చేస్తారు. చాలా కుటుంబాలు చివరికి శవాన్ని సొంత ఊరికే తీసుకెళ్తాయి, ఏళ్ళ కిందట వదిలేసి వచ్చిన ఆ చిన్న సంఘమే గంట కొట్టి గొయ్యి తవ్వుతుంది.

అయితే నగరానికి వచ్చినవాళ్ళంతా సుఖం కోసమో, బద్ధకంతోనో చిన్న సంఘాన్ని వదిలేశారనుకుంటే అన్యాయం. చిన్న సంఘం నొప్పిస్తుంది కూడా. మిషన్లు పేటల వారీగా వచ్చాయి కాబట్టి సంఘాలూ కులాల వారీగానే మిగిలాయి. ఒంగోలు వైపు బాప్టిస్టుల్లో మాదిగలు ఎక్కువ, గుంటూరు వైపు లూథరన్లలో మాలలు ఎక్కువ, ఫిరంగిపురం చుట్టూ రెడ్డి, కమ్మ క్యాథలిక్కులు. ఒకే ఊళ్ళో రెండు పేటలకు రెండు చర్చిలు ఉండడం, ఒకరి పిల్లను ఒకరు చేసుకోకపోవడం అందరూ చూస్తున్నదే. బల్ల ఒకటే అని ఆదివారం చెప్పి, సోమవారం సంబంధం దగ్గర కులం అడిగితే ఆ బల్ల మీద నమ్మకం పోతుంది. దీన్ని సున్నితమైన విషయమని పక్కన పెట్టడం సంఘాలకు అలవాటైపోయింది, పెట్టకూడదు. కమిటీ ఎన్నికల్లో, ఆస్తుల తగాదాల్లో కూడా ఇదే కులం లెక్క నడుస్తుంది. ఇవన్నీ చిన్నప్పటినుంచీ చూసి విసిగిన కుర్రాడికి, ఎవరూ ఏ పేట అని అడగని పెద్ద హాల్లో చివరి వరసలో కూర్చోవడం ఎంత హాయిగా ఉంటుందో అర్థం చేసుకోవాలి.

చట్టం వైపు నుంచి ఇంకో చిక్కు ఉంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా మొదట హిందువులకే, 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు వచ్చింది, క్రైస్తవులకు రాలేదు. తెలుగు రాష్ట్రాల్లో క్రైస్తవంలోకి వచ్చిన ఎస్సీలను బీసీ-సి కింద లెక్కిస్తారు, ఆ గ్రూపుకు ఉన్న రిజర్వేషన్ 1 శాతం. దాంతో కొందరు ఏటా క్రిస్మస్‌కు స్టార్ కట్టినా, పిల్లలకు బైబిల్ పేర్లు పెట్టినా, రిజిస్టరులో పేరు రాయించుకోవడానికి భయపడతారు. 2011 జనగణనలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో క్రైస్తవులు 1.34 శాతమే, ఆదివారం పల్లెల్లో కనిపించే జనానికీ ఈ లెక్కకూ పొంతన లేదని క్రైస్తవులూ, వాళ్ళను వ్యతిరేకించేవాళ్ళూ అంటుంటారు, కారణాలే వేరువేరుగా చెబుతారు. సంఘం కోణం నుంచి చూస్తే జరిగే నష్టం ఇది: మనసు ఒకచోట, కాగితం ఒకచోట ఉన్న మనిషి కమిటీలో నిలబడలేడు, లెక్కలు అడగలేడు, సాక్షి సంతకం పెట్టలేడు. పని చేస్తాడు కానీ నోరెత్తలేడు. పిల్లాడి సీటు, ఉద్యోగం దీనితో ముడిపడి ఉన్నప్పుడు అతన్ని పిరికివాడని తీర్పు తీర్చడం ఎవరికీ తగదు.

స్వతంత్ర సంఘాల్లో సమస్య మరో చోట ఉంది. ఒక పాస్టర్ గారు, ఆయన భార్య కష్టపడి ఇల్లిల్లూ తిరిగి కట్టుకున్న మందిరం, స్థలం ఆయన పేరు మీదే, తర్వాత కొడుకు. మొదటి పదేళ్ళు ఇలాంటి సంఘంలో ఉండే ఆప్యాయత పాత మిషన్ చర్చిల్లో దొరకదు, పాస్టరమ్మ గారికి ప్రతి ఇంట్లో ఎవరికి షుగరుందో కూడా తెలుసు. కానీ ఓటు, రిజిస్టరు, లెక్క చెప్పే కమిటీ ఏదీ లేనప్పుడు తేడా వస్తే విశ్వాసికి మిగిలే దారి ఒక్కటే, లేచి వెళ్ళిపోవడం. అలా నాలుగు సంఘాలు మారినవాళ్ళే చివరికి యూట్యూబ్ దగ్గర ఆగుతున్నారు. 2020 లాక్‌డౌన్‌లో ఫోన్‌లో ఆరాధన తప్పనిసరైంది, మంచాన ఉన్న ముసలివాళ్ళకు అది నిజంగా మేలు చేసింది, ఇప్పటికీ చేస్తోంది. నడవగలిగినవాళ్ళు కూడా అక్కడే ఉండిపోవడానికి కారణం ఫోన్ కాదు, అంతకుముందే పడిన దెబ్బలు.

మరి కొత్త ఊళ్ళో, కొత్త సంఘంలో మనిషి ఎలా కుదురుకుంటాడు? గమనిస్తే అది దాదాపు ఎప్పుడూ ఏదో చిన్న పనితోనే మొదలవుతుంది. బాగా పలకరించడం, ముందు వరసలో కూర్చోబెట్టడం, కొత్తవారిని లేచి నిలబడమని చప్పట్లు కొట్టడం, వీటివల్ల మొహమాటమే పెరుగుతుంది. "బాబూ, ఆ కుర్చీలు కాస్త మడతెయ్యి", "అమ్మా, సండే స్కూల్ పిల్లలకు బిస్కెట్లు పంచిపెట్టు" అన్నప్పుడు మొహమాటం పోతుంది. పని చేసిన మనిషి మరుసటి వారం రాకపోతే లోటు తెలుస్తుంది, ఎవరో ఒకరు ఫోన్ చేస్తారు.

దీన్ని చాలా స్పష్టంగా చూడగలిగేది కువైట్‌లో. కడప, రాజంపేట, కోనసీమ వైపు నుంచి ఇళ్ళల్లో పనికి వెళ్ళిన ఆడవాళ్ళు అక్కడ వేలల్లో ఉన్నారు. కువైట్ సిటీలోని నేషనల్ ఇవాంజెలికల్ చర్చి ఆవరణలో ఎన్నో భాషల సంఘాలు కూడుకుంటాయి, తెలుగు ఆరాధన కూడా జరుగుతుంది, అక్కడ సెలవు రోజు శుక్రవారం కాబట్టి ఆరాధనకూ అదే ముఖ్యమైన రోజు. సేఠ్ ఇంట్లో బయటికి పంపిన నాలుగు గంటల్లోనే ఆమె ఆరాధనకు రావాలి, ఇంటికి డబ్బు పంపాలి, తన భాషలో నలుగురితో మాట్లాడాలి. కొత్తగా వచ్చిన పిల్లకు ఏ ఇంట్లో ఎలా మసలుకోవాలో పాతవాళ్ళు ఆ చర్చి మెట్ల మీదే చెబుతారు. ఎవరైనా అక్కడే కన్నుమూస్తే శవాన్ని ఊరికి పంపడానికి తలా ఒక దీనారు, రెండు దీనార్లు వేసుకుంటారు. ఊళ్ళో ఆమె సంఘం ఆమెను వదిలిపెట్టదు, ఆమె కూడా వదలదు. చర్చి పైకప్పుకు రేకులు వేస్తున్నామని అయ్యగారు వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ పెడితే ఆ నెల జీతంలోంచి పదివేలు పంపుతుంది. క్రిస్మస్‌కు రెండు చోట్లా కానుక వేస్తుంది.